ఏడు మెట్ల బడి

ఆ బడిలో నేను మొదట చదువుకోలేదు. నిద్రపోయాను.

1986 ఆగస్టు. నాకప్పుడు ఐదేళ్లు. ఎగువన ఏటిగట్టు తెగిందని సాయంత్రం టముకు వేశారు. మామ్మ బియ్యం డబ్బా, ఆవకాయ జాడీ సర్దింది. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు, అమ్మ చెల్లిని ఎత్తుకుంది. తాతయ్య పాకలోకెళ్లి గేదెల పలుపులు విప్పి వదిలేశాడు. రేడియో తువ్వాల్లో చుట్టుకుని మా వెనకాలే వచ్చాడు. ఎక్కడికి అని ఎవరూ అడగలేదు. మా ఊళ్లో నీళ్లొస్తే వెళ్లే చోటు ఒక్కటే, హైస్కూలు.

అమలాపురం దాటి వైనతేయ వైపు వెళ్లే దారిలో మా ఊరు. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, మధ్యలో వైనతేయ, మూడూ గోదావరి పాయలే. మా వాళ్లకి భద్రాచలం అడుగులు, ధవళేశ్వరం క్యూసెక్కులు ఇంట్లో వాళ్ల పుట్టినరోజుల కంటే బాగా గుర్తుంటాయి. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఆ ఏడు 35 లక్షలు దాటింది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. అంత ఎత్తు మళ్లీ ఇప్పటిదాకా రాలేదు.

హైస్కూలుకి ఏడు మెట్లు. ఆ రాత్రి నాకు గుర్తున్నదల్లా ఆ మెట్ల లెక్కే. హాల్లో రెండో కిటికీ కింద మామ్మ దుప్పటి పరిచి నన్ను పడుకోబెట్టింది. వసారాలో పెట్రోమాక్సు లైటు. మగవాళ్లంతా గుమ్మం దగ్గర కూర్చున్నారు. గంటకోసారి ఎవరో ఒకరు లాంతరు పట్టుకుని దిగి చూసి వచ్చేవారు. "ఒకటి మునిగిందండీ" అన్నారు. తరవాతెప్పుడో "రెండు" అన్నారు. మూడోది మునిగిందన్నప్పుడు హాల్లో ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. మామ్మ నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. నేను నిద్రపోయాను. తెల్లారి లేచేసరికి తాతయ్య మా పక్కన కూర్చుని ఉన్నాడు. "నాలుగోదాన్ని తాకి ఆగిందే" అన్నాడు మామ్మతో. ఇద్దరూ ఏడ్చారు. వాళ్లిద్దరూ ఏడవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

మూడు రోజులున్నాం. మొదటి రోజు ఏ పేట వాళ్లు ఆ పేట వాళ్ల దగ్గరే పొయ్యి పెట్టుకున్నారట. రెండో రోజుకి ఒకరి దగ్గర బియ్యం ఉంటే మరొకరి దగ్గర ఉప్పు లేదు, ఎండు కట్టెలు ఎవరి దగ్గరా లేవు. విరిగిన బెంచీలు కొట్టి, ఒకటే గాడిపొయ్యి పెట్టి, ఒకటే గుండిగ ఎక్కించారు. "లంకల గన్నవరం పక్కనుండి కూడా మనకీ బుద్ధి రావడానికి వరద రావాలా!" అందట మామ్మ. ఆకలన్నవాళ్లని కులం అడక్కుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారిది ఆ ఊరే కదా. మామ్మ ఆ మాట చెప్పినప్పుడల్లా గొంతు మారేది. తరవాత ఆ బడిలోనే ఒకే బెంచీ మీద అన్ని పేటల పిల్లలతో కలిసి ఐదేళ్లు కూర్చున్నాను. అది నాకు మామూలు సంగతిగా అనిపించిందంటే, ఆ గుండిగ దగ్గరే నాకు అలవాటు మొదలైందేమో.

1991లో ఆరో తరగతిలో చేర్చారు. చేర్చిన రోజున తాతయ్య నన్ను మెట్ల దగ్గర ఆపి, "ఎన్ని?" అని అడిగాడు. లెక్కపెట్టి ఏడన్నాను. "మరి ఏడు ఎందుకు కట్టారు?" అన్నాడు. నాకు తెలీదు. అప్పుడు నాలుగో మెట్టు కింద అడ్డంగా ఉన్న ఆకుపచ్చ గీత చూపించాడు. వరద తగ్గాక డ్రాయింగు మాస్టారు ఎనామిల్ పెయింటుతో గీసిన గీత అది. పక్కన చిన్న అంకెల్లో 86 అని ఉండేది.

మా నేలంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. రాయి దొరకదు. రెండు గడ్డపార్లు దింపితే నీళ్లూరతాయి. అలాంటి చోట అంత ఎత్తు పునాది లేపి, రెండడుగుల మందం గోడ కట్టి, పైన మద్రాసు టెర్రసు వేశారంటే, కట్టినవాళ్లకి ఈ ఏరు బాగా తెలుసన్నమాట. ఇటుక మా మట్టితో కాల్చిందే. సున్నం గుల్ల సున్నం. గవ్వలూ ఆల్చిప్పలూ బట్టీలో కాల్చి, ఇసకతో కలిపి, ఎద్దుల్ని కట్టిన రాతి గానుగలో రోజుల తరబడి తిప్పి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి మెదిపేవారు. హాలు మీద టేకు దూలాలు, వాటి మీద పలచటి చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు. రెండు పక్కలా గదులకి మాత్రం బంగాళా పెంకు. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలవని దాటించిన కాటన్ దొర కాలం నాటి 49 ఖానాల అక్విడక్టు కూడా ఇటుకా సున్నమే. నూటనలభై ఏళ్లు పైగా కాలవని మోసింది. మా బడికట్టు వెనక ఉన్నదీ ఆ పనివాళ్ల తరం విద్యే అని తాతయ్య నమ్మకం.

తాతయ్య ఆ బడిలోనే సిక్స్తు ఫారం దాకా, అంటే అప్పటి హైస్కూలు చివరి తరగతి దాకా చదివాడు. అప్పుడది డిస్ట్రిక్టు బోర్డు హైస్కూలు. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక జిల్లా పరిషత్ హైస్కూలు అయ్యింది. నేను చదివేనాటికి కూడా హెడ్మాస్టారి గదిలో కుర్చీల వెనక "డి.బి.హెచ్.ఎస్." అని కాల్చి వేసిన అక్షరాలుండేవి. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ బోర్డు స్కూలనే అంటారు.

ఈ డెల్టాలో బడి అనేది ఎవరో పైనుంచి దయతో ఇచ్చింది కాదని మా సోషల్ మాస్టారు పదే పదే చెప్పేవారు. 1850ల్లో నరసాపురంలో సబ్ కలెక్టరుగా ఉన్న టేలర్ అనే ఆయన బడులు పెట్టిస్తుంటే, ఇక్కడి రైతులు శిస్తు మీద అదనంగా బడి పన్ను కట్టడానికి వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చారట. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో అప్పుడే పంట చేతికొస్తున్న రోజులవి. ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆ పద్ధతికి చట్టబద్ధత కోసమే 1863లో మద్రాసు విద్యా చట్టం తెచ్చారు. "మీ ముత్తాతలు ధాన్యం అమ్మిన డబ్బులోంచి మీ పలక కొన్నార్రా" అనేవారు మాస్టారు. ఆ మాట విన్నాక ఏ బెంచీ మీదా పేరు చెక్కబుద్ధి కాలేదు నాకు.

హాల్లో పైన ఇనప కొక్కాలుండేవి. పాత రోజుల్లో తాడు లాగే పంకాలు వేలాడిన కొక్కాలు. మా కాలానికి ఫ్యాన్లూ లేవు, పంకాలూ లేవు. అయినా ఏప్రిల్లో కూడా హాల్లో చల్లగానే ఉండేది. గోడ మందం అలాంటిది. పైన వెంటిలేటర్ల తలుపులకి తాళ్లుండేవి, పొద్దున్నే వాటిని లాగి తెరవడం ఎనిమిదో తరగతి వాళ్ల పని. శుక్రవారం సాయంత్రం నల్లబల్లకి బొగ్గూ దొండాకూ కలిపి రుద్దేవాళ్లం. ఆ పసరు వాసన సోమవారం దాకా క్లాసులో ఉండేది.

గంటంటే గంట కాదు, జానెడు పొడవు రైలు పట్టా ముక్క. నిద్రగన్నేరు చెట్టు కొమ్మకి వేలాడేది. అటెండరుని మేమంతా గంట తాత అనేవాళ్లం. కాకినాడ నుంచి కోటిపల్లికి వేసిన రైలు పట్టాల్ని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేశారు కదా, ఆ లైనుదే ఈ ముక్క అని గంట తాత చెప్పేవాడు. కోనసీమలో అడుగుపెట్టని రైలు అలా మా బడిలో మోగేది. 2004లో ఆ లైను మళ్లీ వేసి రైలు నడిపినప్పుడు, నేను ఎక్కడో ఉండి పేపర్లో ఆ వార్త చదివి మొట్టమొదట తలుచుకున్నది గంట తాతనే.

తెలుగు మాస్టారు హాల్లోనే పాఠం చెప్పేవారు. పద్యం రాగం తీస్తే ఆ కప్పు కింద గొంతు తిరిగి తిరిగి వచ్చేది. తరవాత వచ్చిన కొత్త బిల్డింగులో అదే మాస్టారు అదే పద్యం చదివితే పక్క క్లాసు ఎక్కాలతో కలిసిపోయేది. ఆయన చివరి ఏడాది హాల్లోనే క్లాసు కావాలని హెడ్మాస్టారిని బతిమాలుకున్నారు.

మధ్యాహ్నం గంట కొట్టగానే మెట్ల మీద చోటు కోసం పరుగు. క్యారేజీలు మెట్ల మీదే విప్పేవాళ్లం. ఆరో మెట్టు మా జట్టుది. లంకల్లోంచి పడవ దాటి వచ్చే పిల్లలు నలుగురుండేవారు మా క్లాసులో. ఏరు పొంగితే వాళ్లు రారు, వాళ్ల చోటు ఖాళీగానే ఉంచేవాళ్లం. వాళ్లు తిరిగొచ్చిన రోజున తప్పిపోయిన పాఠాలన్నీ ఆరో మెట్టు మీదే రాయించేవాళ్లం.

1995 జనవరి 8. సంక్రాంతి సెలవల ముందు. పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి పేలి అంటుకుంది. ఆకాశంలోకి లేచిన మంట. ఆ హోరు మా ఊరిదాకా సన్నగా వినపడేది, రాత్రి పడమటి దిక్కంతా ఎర్రగా ఉండేది. 65 రోజులు ఆరలేదు. ఆ ఏడాది ప్రభల తీర్థానికి వెళ్లినా అందరి కళ్లూ అటే. మేం తొమ్మిదో తరగతి. టెర్రసు మీదకి పిల్లల్ని ఎప్పుడూ ఎక్కనిచ్చేవారు కాదు, ఇనప తలుపుకి తాళం ఉండేది. ఒక సాయంత్రం డ్రిల్లు మాస్టారే తాళం తీయించి మమ్మల్ని పైకి తీసుకెళ్లారు. కొబ్బరి తలల మీదుగా ఆ ఎర్రదనం చూస్తూ ఎవరం మాట్లాడలేదు. "ఈ మంట పక్కన ఉన్న ఊళ్ల వాళ్లు ఇళ్లు వదిలేసి బళ్లల్లో ఉంటున్నార్రా ఇప్పుడు" అన్నారాయన కాసేపటికి. కింద హాల్లో రెండో కిటికీ నాకు గుర్తొచ్చింది. మా కాళ్ల కింద కప్పు ఇంకా పగటి వేడితో వెచ్చగా ఉంది. ఆ పిల్లలు ఏ బడిలో ఏ కిటికీ కింద పడుకున్నారో అనుకున్నాను.

మరుసటి ఏడాది పదో తరగతి అయిపోయింది. అమలాపురంలో ఇంటరులో చేరాను. బడితో రుణం తీరలేదు.

1996 నవంబరు 6, దీపావళికి నాలుగు రోజుల ముందు. మధ్యాహ్నం నుంచే గాలి తీరు బాగాలేదని నాన్న మమ్మల్ని బయల్దేరదీశాడు. మళ్లీ అవే మెట్లు. ఈసారి చెల్లిని నేను చెయ్యి పట్టుకు నడిపించాను, తాతయ్యని నాన్న ఎత్తుకున్నాడు. రాత్రి తొమ్మిదయ్యేసరికి గాలి ఊళలు. పక్క గదుల మీద బంగాళా పెంకులు లేచి గోడలకి కొట్టుకుని పగులుతుంటే టపాకాయల మోతలా ఉంది. మేమంతా హాల్లోకి జరిగాం. ఎన్ని వందలమందిమో. కిటికీ రెక్కలకి బెంచీలు అడ్డంపెట్టి, వాటికి వీపులానించి మగపిల్లలం కూర్చున్నాం. గాలి కొట్టినప్పుడల్లా ఆ అదురు వెన్నులోకి తెలిసేది. పైన దూలాలు కిర్రుమన్నాయి గాని కప్పు కదల్లేదు. అర్ధరాత్రి బయట పెద్ద చప్పుడు. నిద్రగన్నేరు కూలింది. ఆ చప్పుడులోనే ఒక్కసారి ఇనుము మోగింది. మా బడి గంట ఆ రాత్రి చివరిసారి తనంతట తనే కొట్టుకుంది.

తెల్లారి తలుపు తీస్తే ఊరు గుర్తుపట్టలేకపోయాం. చెట్టు అడ్డం లేక ఎక్కడి ఇల్లు అక్కడ నగ్నంగా కనిపించింది. నిలబడ్డ కొబ్బరిచెట్లకి కూడా తలల్లేవు. ఆ తుపాను వెయ్యిమందికి పైగా మనుషుల్ని తీసుకుపోయింది. హాల్లో ఉన్నవాళ్లం అందరం బతికాం. తాతయ్య వసారా స్తంభం పట్టుకుని నిలబడి, "నాకిది రెండోసారి పుట్టుక" అన్నాడు. మళ్లీ కొబ్బరి వేస్తే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. ఆ కాపు చూడ్డానికి ఆయన ఉండలేదు.

తరవాత సంగతి త్వరగా చెప్పేస్తాను, చెప్పాలంటే కష్టంగా ఉంది. పెంకు ఎగిరిపోయిన గదుల మీద రేకులు వేశారు. వెనకాల స్లాబు బిల్డింగు వచ్చింది, క్లాసులు అందులోకి మారాయి. హాలు పెళ్లిళ్లకీ, పోలింగుకీ, ఎరువుల బస్తాలకీ వాడారు. గోడలు పెచ్చులూడుతున్నాయని ఒక కాంట్రాక్టరుతో సిమెంటు పూత పూయించారు. అక్కడే దెబ్బ తగిలింది. సున్నపు గోడ నేలలోంచి పీల్చిన చెమ్మని మెల్లగా బయటికి వదులుకుంటుంది. పైన సిమెంటు మూతపెడితే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి, ఇటుకని పొడి చేస్తుంది. మూడేళ్లలో సిమెంటు పూత పలకలు పలకలుగా ఊడింది, దానితో పాటు లోపలి ఇటుక కూడా వచ్చేసింది. నూరేళ్ల వానకి చెక్కుచెదరని గోడ మూడేళ్ల సిమెంటుకి కుంగింది. కప్పు కారుతోంటే దాని మీద కూడా సిమెంటే పోశారు. ఆ బరువుకి ఒక దూలం వంగింది.

రోడ్డు సంగతి ఇంకోటి. మా ఊరి రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్త పొర. రోడ్డు లేచిందని బడి ఆవరణలో మట్టి తోలారు. అలా అలా నేల పైకొచ్చి గోడల అడుగుని మూసేసింది. చెమ్మ మరింత పైకి పాకింది.

ఇప్పుడు దాన్ని కూల్చాలన్న మాట వినపడుతోంది. పాత విద్యార్థులం కొందరం కలిసి మాట్లాడుకుంటున్నాం. నా మాట ఒక్కటే. డబ్బు పోగుచెయ్యడం కంటే ముందు సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రీని వెతకాలి. సిమెంటు అంతా గీకించాలి, గోడల్ని ఒక ఎండాకాలం అలా ఆరనివ్వాలి, చుట్టూ తోలిన మట్టి తవ్వి తీసేయాలి. వంగిన దూలం ఒక్కటి మార్చాలి. ఇంతే పని. రంగులేసి, గేటు పెట్టి, శిలాఫలకం వేసి అయ్యిందనుకుంటే మనం రెండోసారి సిమెంటు పూసినట్టే. మొన్న ఫోన్లో ఒక స్నేహితుడు, "ఎందుకంత పట్టుదల? పిల్లలకి కొత్త బిల్డింగు ఉందిగా" అన్నాడు. వాడు తుపాను రాత్రి నా పక్కనే బెంచీకి వీపానించి కూర్చున్నవాడు. ఆ మాట గుర్తుచేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. మర్నాడు వాడే ఇంకో నలుగురికి ఫోన్ చేశాడు.

మొన్న వేసవిలో మా అమ్మాయిని తీసుకెళ్లాను. దానికి తొమ్మిదేళ్లు. కాలవకి నీళ్లు కట్టేసిన రోజులు, గట్టంతా ఎండిపోయి ఉంది. గంట తాత మనవడు తాళం తెచ్చాడు. "ఆయ్, రండి బాబూ, చిన్నమ్మ గారు కూడా వచ్చేరా" అంటూ ముందు నడిచాడు.

మెట్ల దగ్గర ఆగి, "ఎన్ని?" అని అడిగాను.

"నాలుగు" అంది.

నేను మళ్లీ లెక్కపెట్టాను. నాలుగే. మూడు మెట్లు భూమిలోకి పోయాయి. గీత కూడా లేదు.

తాళం పట్టుకున్న కుర్రాడికి ఏం అర్థమైందో, వెళ్లి పార తెచ్చాడు. మెట్టు మొదట్లో జానెడు లోతు తవ్వాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తోశాను. ముందు సిమెంటు పెచ్చు వచ్చింది, దాని కింద పాత సున్నం, చల్లగా. కొబ్బరి పీచుతో తుడిచాను. ఆకుపచ్చ గీత, వంకర తిరిగిన 8, సగం 6.

"నీళ్లు ఇక్కడిదాకా వచ్చేయా నాన్నా?"

"ఊఁ."

"మరి నువ్వెక్కడున్నావు?"

దాని చెయ్యి పట్టుకుని నాలుగు మెట్లూ ఎక్కించి, హాలు తలుపు తోసి, రెండో కిటికీ చూపించాను. వెళ్లి దాని కింద కూర్చుని, కాళ్లు చాపుకుని, తలెత్తి పైన పంకా కొక్కాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.